అక్క పేరు మీద పడ్డ బిల్లులు

మా అక్కను ఆసుపత్రిలో అందరూ ప్యాకేజీ అక్క అనేవారు. ఆవిడ పని బిల్లింగ్ కౌంటర్‌లో. ఆపరేషన్‌కు ప్యాకేజీ అని ఒకటే రేటు. కుట్లు వేయడం, విప్పడం, కట్టు మార్చడం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి, విడిగా బిల్లు వేయకూడదన్నది రూలు. ఎవరైనా విడగొట్టబోతే అక్క ఊరుకునేది కాదు. "భోజనానికి పిలిచి మంచినీళ్లకు డబ్బులడుగుతామా?" అని మొహం మీదే అనేసేది. నేను అక్కడే మందుల షాపులో పనిచేస్తాను, కళ్లారా చూసినదాన్ని.

పక్క కౌంటర్ అమ్మాయికి చంటిబిడ్డ. రోజూ ఆలస్యమే. కౌంటర్ మూసి ఉంటే మేనేజరు జీతం కోస్తాడని, అక్క పొద్దున్నే తన పేరు, పాస్‌వర్డ్‌తోనే ఆ కంప్యూటర్ కూడా తెరిచిపెట్టేది. ఆ పిల్ల వచ్చి సాయంత్రం దాకా అదే పేరు మీద పనిచేసేది.

"వద్దక్కా, నీ మెడకు చుట్టుకుంటుంది" అని మొత్తుకున్నాను.

"పోనీలేవే, చెల్లెల్లాంటిది."

అసలు చెల్లెల్ని నేనిక్కడ ఏడుస్తున్నాను కదా, నా మాట వింటేనా!

ఒక పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ జరిగింది. ప్యాకేజీ డబ్బంతా కట్టాక, కట్టుకు వేరే, కుట్లు విప్పినందుకు వేరే గుంజారని ఆయన కొడుకు గొడవకు దిగాడు. ఆరా తీస్తే అలాంటివి బోలెడు బయటపడ్డాయి. అన్నీ పక్క కౌంటర్‌లో వేసినవే, అన్నీ అక్క పేరు మీదే.

పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి మేనేజరు గదిలో కూర్చున్నాడు. మందుల బిల్లుల కోసం నన్నూ పిలిచారు. అక్క మాత్రం ధీమాగానే ఉంది. "ఆ పిల్ల నిజం చెప్పేస్తుంది లేవే" అంది.

"ఆ కౌంటర్‌లో ఈ బిల్లులు వేసిందెవరమ్మా?" అని ఆయన ఆ పిల్లనడిగాడు.

అది మేనేజరు వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "పేరుంది కదండీ. అక్కే."

నా ఒళ్లు మండిపోయింది. "అబద్ధం!" అని అరిచాను.

"సొంత అక్క కదా, నువ్వు అలాగే అంటావులే" అన్నాడాయన. తన పేరు వాడుకోనిచ్చానని అక్క చెప్పుకుంటే, అది ఇంకో తప్పన్నాడు. అప్పటికప్పుడే ఉద్యోగం తీసేశారు.

బయట వరండాలో ఆ పిల్ల అక్క చెయ్యి పట్టుకుంది. "మేనేజరే అలా వేయమన్నాడక్కా. కాదంటే నన్ను తీసేస్తాడు. పిల్లాడికి పాలెక్కడివి? నువ్వైతే ఎలాగోలా నెట్టుకొస్తావని..."

అక్క చెయ్యి విడిపించుకుంది. "పాలు కొనిపెట్టమంటే కొనిపెట్టేదాన్ని కదే. నన్ను దొంగని చేశావు."

మేనేజరు గదిలో అంతసేపూ రాని ఏడుపు ఆవిడకు అప్పుడొచ్చింది.