పదకొండు కాటలాన్ పుస్తకాలు

ఈ శనివారం పొద్దున సిడ్నీలోని గిరావీన్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న లైబ్రరీకి వెళ్తే, గుమ్మం పక్కన "కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండి" అని కాగితం అంటించిన బండి కనిపించింది. పాత వంటల పుస్తకాలు, నలిగిపోయిన నవలలు, వాటి కింద ఓ ఎర్ర అట్ట. చూడగానే గుర్తుపట్టాను. అది మా పక్కింటి ఆంటీ పుస్తకం. తవ్వితే మరో ఆరు దొరికాయి. అన్నిటి మీదా 'స్పానిష్' అనే చీటీ. బయటికి తోసేసే రోజుకైనా చీటీ సరిగ్గా వెయ్యలేకపోయారే అని ఒళ్ళు మండిపోయింది.

పక్కింటి ఆంటీ అంటే మనవాళ్ళావిడ అనుకునేరు. ఎనభైకి దగ్గరపడిన కాటలాన్ మనిషి. బార్సిలోనా దగ్గర ఓ పల్లెలో పుట్టి, మొగుడితో ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడింది. మేం కొత్తగా దిగిన వారంలో కంచె మీంచి నిమ్మకాయలు అందిస్తుంటే, "స్పెయిన్ అయితే మీది స్పానిష్ అన్నమాట" అని పలకరించాను. ఇచ్చిన నిమ్మకాయలు వెనక్కి లాక్కున్నంత పని చేసింది. "మరి నీది హిందీయేనా?" అంది. ఆఫీసులో రోజూ ఆ ప్రశ్నకే పళ్ళు కొరుక్కునేదాన్ని నేను. ఇక అక్కణ్ణుంచి సాయంత్రమైతే నాకు పాఠమే. కాటలాన్, స్పానిష్ రెండూ లాటిన్ కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళట, ఒకటి ఇంకోదాని యాస అంటే ఊరుకోదు. ఒకప్పుడు రాజులు తమ చరిత్ర తామే కాటలాన్‌లో చెప్పి రాయించుకున్నారట. తర్వాత పెత్తనం స్పానిష్ చేతికి పోయింది; అది ఓడలెక్కి సగం ప్రపంచం తిరిగితే, ఇది వంటింట్లోనూ పొలంలోనూ ఉండిపోయింది. వందల ఏళ్ళ తర్వాత కవులు పోటీలు పెట్టుకుని మరీ దాన్ని మళ్ళీ పుస్తకాల్లోకి తెచ్చారు. హమ్మయ్య అనుకునేలోగా స్పెయిన్‌లో అంతర్యుద్ధం, ఆ వెనకే దాదాపు నలభై ఏళ్ళ నియంత పాలన. బళ్ళో ఇంటి మాట మాట్లాడినందుకు ఆంటీ చెంప వాచింది. ఓడ దిగాక వాళ్ళమ్మకి ఉత్తరాలు స్పానిష్‌లోనే రాసేదట, అమ్మ భాషలో రాయడం ఎవరూ నేర్పలేదు కనక. యాభై దాటాక ఇక్కడ సిడ్నీలో కూర్చుని సొంతంగా నేర్చుకుంది. అప్పటికి వాళ్ళమ్మ లేదు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆవిడకి కోపం కొత్తగా వచ్చేది.

లైబ్రరీవాళ్ళ వెంటపడి పదకొండు పుస్తకాలు తెప్పించింది. వాళ్ళు వాటిని స్పానిష్ అరలో పెట్టేవారు. ఈవిడ తీసి పక్క అరలో సర్దేది. మర్నాటికి మళ్ళీ అక్కడే. పైగా ఏడాదిపాటు ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాన్ని తీసేస్తారన్నది అక్కడి నియమం. ఒక్క మనిషే తీసుకుంటే గుర్తించరేమోనని ఆవిడ భయం. అందుకని ఒప్పందం చేసుకున్నాం: లైబ్రరీలో ఆవిడ పుస్తకాలు నేను, అక్కడే ఉన్న తెలుగు పుస్తకాలు ఆవిడ తీసుకెళ్ళేట్టు. ఒక్క ముక్క అర్థంకాని నవలలు నేను మోసుకొస్తే, ఆవిడ మా కథల సంపుటాన్ని తలకిందులుగా పట్టుకుని తిప్పి, "బావుంది" అనేది. "అమ్మా, దిస్ ఈజ్ సో వియర్డ్!" అనేది మా అమ్మాయి. తెలుగంతా అర్థమవుతుంది మహాతల్లికి, ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు.

రెండేళ్ళ కిందట ఆంటీ పెర్త్‌లో కూతురి దగ్గరికి, పియారా వాటర్స్‌కి వెళ్ళిపోయింది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "పదకొండూ నీకప్పగిస్తున్నా" అంది. "డోంట్ వర్రీ ఆంటీ" అన్నాను పెద్ద పోటుగత్తెలా. కొన్ని నెలలు మాట నిలబెట్టుకున్నాను. తర్వాత పారమట్టా ఆఫీసులో కొత్త బాధ్యతలు, అమ్మాయిని యూనివర్సిటీకి తిప్పటాలు, ఎప్పుడు గుర్తొచ్చినా "వచ్చే వారం వెళ్దాంలే". అంతే.

ఇవాళ కౌంటర్ దగ్గర కూర్చున్న పిల్ల మీద విరుచుకుపడ్డాను. పాపం, కంప్యూటర్ చూసి, "సారీ, ఏడాది పైనే అయింది, ఒక్కరూ తీసుకోలేదు" అంది. నా తప్పు నాకే తెలుస్తుంటే కోపం ఇంకా పెరిగింది. "అయితే తెలుగువి కూడా పారేశారా?" అన్నాను.

"లేదండీ, అవి బాగా వెళ్తున్నాయి. పెర్త్ లైబ్రరీ ద్వారా ఒకావిడ వరసగా తెప్పించుకుంటున్నారు. మీ తెలుగావిడే అయ్యుంటారు."

ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదని ఆ పిల్లకి చెప్పకుండానే బండి దగ్గరికి నడిచాను.

దొరికిన ఏడూ కారులో పెట్టుకుని ఇంటికొచ్చాను. మిగతా నాలుగూ ఎవరింట్లో ఉన్నాయో, ఏ చెత్తలో ఉన్నాయో. ఫోన్ చేతిలోనే ఉంది, నంబరు నొక్కడానికి ధైర్యం రావడం లేదు. ఆంటీ ముందు అడిగేది ఆ పదకొండింటి గురించే. నలభై ఏళ్ళ నియంతని దాటుకొచ్చిన భాష, నా ఏడాది "వచ్చే వారం" దగ్గర ఓడిపోయిందని ఆవిడకి ఏ నోటితో చెప్పను?