పై వాటాకు వచ్చిన బూరెలు

మా అమ్మాయి ప్రార్థన మానేసింది ఏ రోజో నేను కచ్చితంగా చెప్పగలను. ఆ రోజు గడి ఖాళీగా ఉంది.

బీరువా తలుపుకు లోపలివైపు ఒక చార్టు అంటించాను. నెలకొకటి, స్కేలు పెట్టి గీసినది; టిక్కులు అమ్మాయే పెట్టుకోవాలి. రోజుకు ఐదు గడులు: పొద్దుటి ప్రార్థన, బైబిలు కంఠత వాక్యం, అన్నం ముందు ప్రార్థన, నిజం చెప్పాను, కుటుంబ ప్రార్థనలో నా సొంత మాటలతో ప్రార్థించాను. నేను ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చూసే ఉద్యోగిని. ప్రతి మీటరుకూ ఒక షీటు, ప్రతి షీటుకూ గడులు. పిల్లను విశ్వాసంలో ఎలా పెంచాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నా చెయ్యి ముందు స్కేలు మీదికే పోయింది.

ఇంకో కారణం కూడా ఉంది. పాలిటెక్నిక్ చదివిన మూడేళ్ళూ నేను ప్రార్థన చెయ్యలేదు. సెలవులకు ఇంటికి వస్తే మా అమ్మ ముందు కళ్ళు మూసుకుని చిన్నప్పటి మాటలే వరసగా చెప్పేవాణ్ణి. ఒక్క మాట తప్పేది కాదు. లోపల ఏమీ లేదని ఎవరికీ తెలియలేదు. మా అమ్మాయి అలా కాకూడదు. నా భయమంతా అదే. తన వయసు ఏడేళ్ళు.

మేముండేది రాజమండ్రిలో, ఒక ఇంటి పై వాటాలో. కింద ఇంటి ఓనరుగారు ఒక్కరే ఉంటారు. మేము పిన్నిగారూ అంటాం, మా అమ్మాయి మామ్మగారూ అంటుంది. శ్రావణ శుక్రవారాలు ఆవిడ పూజ చేసి, పూర్ణం బూరెలు, పులిహోర పళ్ళెంలో పెట్టి, అరిటాకు ముక్క కప్పి, మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి తెచ్చి ఇస్తారు. మేము క్రైస్తవులం, పూజలో పెట్టినవి తినం. కానీ వద్దని చెప్పం. మా అమ్మ నేర్పిన పద్ధతి ఇది: రెండు చేతులా పుచ్చుకో, నవ్వు, తలుపు వేశాక పనావిడకు పెట్టెయ్యి. ఇచ్చినవాళ్ళ మనసూ నొచ్చుకోదు, దేవుడి ముందు మన సాక్ష్యమూ పోదు. ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళు. ఆరు శ్రావణాలూ ఆ పద్ధతే నడిచింది.

ఆ శనివారం పొద్దున్న అమ్మాయిని స్కూలుకు దింపడానికి బండి తీస్తుంటే పిన్నిగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"నిన్న బూరెలు ఎలా ఉన్నాయి బాబూ? యాలకులు ఎక్కువ పడ్డాయేమో అనుకున్నాను."

"లేదండీ, సరిగ్గా సరిపోయాయి. నేను రెండు తిన్నాను."

రెండు. ఎవరూ అడగలేదు. లెక్క చెప్పడం నా అలవాటు, ఆ అలవాటు అబద్ధంలోకి కూడా వచ్చేసింది.

అమ్మాయి ట్యాంకు మీద ముందు కూర్చుంది. రైలు గేటు పడింది. బండి ఆపాక తల పైకెత్తింది.

"నాన్నా, రెండు ఎప్పుడు తిన్నావు?"

"తినలేదమ్మా. మామ్మగారు బాధపడతారని అలా అన్నాను."

"నేను లెక్కల నోట్సు పోగొట్టినప్పుడు మా టీచరు కూడా బాధపడతారని చెప్పాను కదా. అయినా నాతో నిజమే చెప్పించావు."

రైలు చాలా పొడుగ్గా ఉంది. పెట్టెలు లెక్కపెట్టాను. మధ్యలో లెక్క తప్పింది.

ఆ రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. నేను చేశాను, మా ఆవిడ చేసింది. అమ్మాయి వంతు వచ్చింది. కళ్ళు తెరిచి, గౌను అంచు మడతపెడుతోంది.

"చెప్పమ్మా."

"నాకేం లేదు చెప్పడానికి."

"దేవుడికి చెప్పడానికి ఏమీ లేకపోవడం ఏంటి?"

"ఆయనకి కూడా మర్యాద కోసం చెప్పాలా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆమెన్ అనేసి లేచిపోయాను.

ఆదివారం ఖాళీ గడి. సోమవారం ఖాళీ గడి. కంఠత వాక్యం మాత్రం అడిగితే టకటకా అప్పజెప్పేది, కళ్ళు కిటికీ మీద పెట్టి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఫోను తీస్తాను, పెడతాను. బీరువా తెరుస్తాను, మూస్తాను. మంగళవారం డ్యూటీలో ఒక ఆపరేటరు రాసిన షీటు చూశాను. గంటకొకటి రాయాల్సిన నాలుగు రీడింగులూ ఒకే వాలులో, ఒకే ఒత్తుతో ఉన్నాయి. మీటరు దగ్గరకు వెళ్ళకుండా కుర్చీలో కూర్చుని రాసినవి అలాగే ఉంటాయి. సంతకం పెట్టకుండా వెనక్కి పంపాను. ఇంటికి వచ్చి బీరువా తెరిచి, అంతకు ముందు నెల చార్టు తీశాను. టిక్కులన్నీ ఒకే వాలులో ఉన్నాయి. వారానికొకసారి, ఆదివారం ఒక్కసారే పెట్టేసినట్టున్నాయి. ఎనిమిదింటిదాకా ఆ కాగితం చేతిలోనే ఉంది.

మా అమ్మకు ఫోను చేశాను. అంతా విని, "నువ్వు చిన్నప్పుడు ఇవన్నీ అడగలేదురా" అంది.

"అడగనంత మాత్రాన అది అబద్ధమని నాకు తెలియదనుకున్నావా?"

"నువ్వు అడగకపోవడమే నాకు హాయిగా ఉండేది" అంది మా అమ్మ. తర్వాత, "దాని ఆరోగ్యం బాగుందా?" అని అడిగి పెట్టేసింది.

మా ఆవిడ ఇంత తిప్పి మాట్లాడలేదు. "కిందకెళ్ళి చెప్పేయండి" అంది.

"ఏమని? ఆరేళ్ళుగా మీరిచ్చింది ఒక్క ముద్ద తినలేదనా? ఇల్లు ఖాళీ చెయ్యమంటే?"

"ఇల్లు ఇంకోటి దొరుకుద్ది. పిల్ల ఇప్పుడు నోరు మూసుకుంటే మళ్ళీ తెరుస్తుందా? పళ్ళెం పుచ్చుకున్నది నేనేగా, నేనూ వస్తాను పదండి."

"వద్దులే. రెండు తిన్నానన్నది నేను."

శుక్రవారం పూజ మొదలుకాకముందే వెళ్ళాలి, పళ్ళెం చేతికొచ్చాక చెప్పడం ఇంకా కష్టం. ఆ పొద్దున్న స్కూలు టైముకు ముందే అమ్మాయిని రమ్మన్నాను. మెట్లు పదిహేడు. తొమ్మిదో మెట్టు దాకా దిగి, ఫోను మర్చిపోయానని పైకి వెళ్ళాను. ఫోను జేబులోనే ఉంది. మళ్ళీ దిగాను. అమ్మాయి తొమ్మిదో మెట్టు మీదే నిలబడి ఉంది.

పిన్నిగారు వంటింట్లో పూర్ణం ఉండలు చుడుతున్నారు.

"ఏంటి బాబూ, మళ్ళీ మోటారు పాడైందా?"

"కాదండీ. పిన్నిగారూ, మీరు తెచ్చే బూరెలు మేం తినమండీ."

"తీపి ఎక్కువైందా? బెల్లం తగ్గిస్తాను."

"తీపి గురించి కాదండీ. పూజలో పెట్టినవి మేం తినం. ఈ ఆరేళ్ళూ తినలేదు. పోయిన శనివారం రెండు తిన్నానని చెప్పాను, అది అబద్ధం."

ఆవిడ చేతిలో ఉండ అలాగే ఉండిపోయింది. "మరి ఏం చేశారు వాటిని?"

"మన పనావిడకే ఇచ్చామండీ."

"దానికా! కింద నా దగ్గరో వాటా, పైన మీ దగ్గరో వాటా! అందుకేనన్నమాట, శ్రావణ మాసంలో ఒక్క రోజు నాగా పెట్టదు!"

నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వు నాకంటే ముందే ఆగిపోయింది.

"మొదటి ఏడాదే చెప్పాల్సింది బాబూ. నేనేమన్నా అనేదాన్నా? ఈ మోకాళ్ళతో ఆ మెట్లెక్కి, మీరేదో ఇష్టంగా తింటారని..." అని ఉండను పళ్ళెంలో పెట్టి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకున్నారు. తర్వాత అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వూ తినవా తల్లీ?"

అమ్మాయి నా వైపు చూడలేదు. "నాకు తినాలనే ఉంది మామ్మగారూ. కానీ తినను."

ఇది నేను నేర్పిన జవాబు కాదు. చార్టులో దీనికి గడి లేదు.

"సరేలే" అన్నారు పిన్నిగారు, ఇద్దరిలో ఎవరితోనో తెలియకుండా. మేము పైకి వచ్చేశాం.

ఆ మధ్యాహ్నం పళ్ళెం రాలేదు. నెయ్యి వాసన మాత్రం మెట్ల మీదుగా వచ్చింది. స్కూలు నుంచి వచ్చాక అమ్మాయి పై మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. నేను మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నిజం చెప్పాక మనసు కాస్త కుదుటపడుతుందని ఎక్కడో ఆశపడ్డాను. కుదుటపడలేదు. ఒక పెద్దావిడ మనసు నొప్పించాను, ఆరేళ్ళు ఆలస్యంగా, అంతే.

ఎనిమిదింటికి కూర్చున్నాం. నేను ఎప్పటి మాటలే మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర అవి రాలేదు. ఆగిపోయి, "తర్వాత నువ్వు చెయ్యి" అన్నాను మా ఆవిడతో. ఆమె చేసింది. తర్వాత అమ్మాయి వంతు. నేను చెప్పమ్మా అనలేదు.

"ప్రభువా" అంది అమ్మాయి. "ఇవ్వాళ బూరెలు రాలేదు. మామ్మగారికి కోపం వచ్చిందేమో నాకు తెలీదు. నాన్న నిజం చెప్పడానికి మెట్లు రెండుసార్లు దిగాడు. మామ్మగారి మోకాళ్ళు తగ్గించు. ఆమెన్."

లేచి బీరువా తెరిచి, దారానికి కట్టిన పెన్సిలు తీసుకుంది. 'నిజం చెప్పాను' గడిలో టిక్కు పెట్టింది. చివరి గడి దగ్గర చెయ్యి ఆపేసింది.

"పెట్టమ్మా. చేశావుగా."

"సగంలో బూరెల గురించి ఆలోచించాను నాన్నా. ఎన్ని మిగిలి ఉంటాయా అని. పెడితే తప్పవుతుంది."

పెన్సిలు వదిలేసి పడుకోవడానికి వెళ్ళిపోయింది. పెన్సిలు దారానికి వేలాడుతూ తలుపుకు తగిలి కాసేపు చప్పుడు చేసింది. నేను దాన్ని పట్టుకుని ఆపాను. ఆ గడిలో ఏమీ రాయకుండా బీరువా మూశాను.