నేను టెంపర్ చేయించని కడ్డీ

నా భార్య కుడి మోచేయి బిగుసుకుపోవడానికి కారణం, లేత్ మీద ఇనుము చెక్కే ఒక టర్నర్ చేతి పనిలో లోపమని జంషెడ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళంతా పదేళ్ళపాటు నమ్మారు. నా భార్య నమ్మింది. ఆ టర్నర్ కూడా నమ్మాడు. కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను చెప్పలేదు. ఎవరైనా సూటిగా అడిగి ఉంటే చెప్పేవాణ్ణేనని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ నిజం కాదు. ఆయన నన్ను సూటిగానే అడిగాడు, రెండుసార్లు. రెండుసార్లూ అబద్ధం చెప్పాను. ఈ సంగతిని ఇప్పటికీ సగం సగం చెప్పుకునేవాళ్ళు ఉన్నారు గనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

యాభైల చివరి మాట. ఉక్కు కర్మాగారంలో నేను హాజరు గుమస్తాను. సైకిలు మీద షాపు షాపుకీ, అంటే కర్మాగారంలోని ఒక్కో విభాగానికీ, తిరిగి హాజరు పట్టీలు పోగుచేయడం నా పని. అగ్రికో కాలనీలో క్వార్టరు. స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఫోర్‌మన్ దగ్గర మూడొందల యాభై సీసీల పాత ఇంగ్లీషు మోటారు సైకిలు కొన్నాను. మా క్వార్టర్ల లైన్లో అలాంటిది అదొక్కటే. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర సైకిళ్ళ గుంపు పక్కకు జరుగుతూ, "గుమస్తాబాబు ఐరావతం వత్తంది, దారియ్యండ్రా" అనేది. వెక్కిరింతే అయినా నాకు బాగానే ఉండేది.

ఆ బండిని కాపాడుకున్నంత శ్రద్ధగా నేను ఇంకేదీ కాపాడుకోలేదు. బిష్టుపూర్ బజారులో ఆపితే ముందు చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టేవాణ్ణి. అదీ చాలక ప్లగ్గు తీగ ఊడదీసి జేబులో వేసుకునేవాణ్ణి. నా చొక్కాలన్నిటికీ జేబు దగ్గర నల్లటి మరకలు. ఆదివారం ఉదయమంతా చెయిను కిరసనాయిలుతో కడగడం, నూనె పట్టించడం, బ్రేకు వైర్లు బిగించడం. నా భార్య గుమ్మంలో నిలబడి, "పెళ్ళికూతురికైనా ఇంత నలుగు పెట్టరు" అనేది. తర్వాత తనే మెత్తటి గుడ్డ తెచ్చి ట్యాంకు తుడిచేది. ఆదివారం సాయంత్రం వెనక కూర్చుని ఊరంతా తిరగడం తనకు ఇష్టం.

ఆ కాలపు బండ్లలో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, బండి మెడకు నాలుగు ఉక్కు కడ్డీల మీద వేలాడేది. ఒక్కొక్కటీ చిటికెన వేలంత లావు. వాటిలో ఒకటి అరిగిపోయి హ్యాండిలు వణకడం మొదలుపెట్టింది. కలకత్తా దుకాణానికి రాస్తే, విలాయతీ సామాను రావడం లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేమని జవాబు వచ్చింది. బండిని వరండాలో నిలబెట్టేశాను.

అలాంటప్పుడు మా ఊళ్ళో అందరూ చేసే పని ఒకటుంది. కర్మాగారంలో మనవాడు ఎవరున్నాడో చూసుకుని వాడి చేత చేయించుకోవడం. కుట్టుమిషను పుల్ల, స్టవ్వు పిన్ను, తలుపు గొళ్ళెం, ఏదైనా సరే. సొంత పని చేయకూడదని నియమం ఉంది. టిఫిను డబ్బాల్లో గేటు దాటి రావడమూ ఉంది. తెలుగువాళ్ళకు ఆ మనవాడు మెషిన్ షాపులో ఒక పెద్దాయన, నేను మొదట చెప్పిన టర్నర్. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి లేత్ మీద ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాడు. చుట్టరికం లేకపోయినా నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన భార్య నాకు పిన్ని. ఆయన చేసిన వస్తువు పాడై రెండోసారి చేయించుకున్నవాళ్ళు లేరు. ఆ పేరు తప్ప ఆయన కూడబెట్టుకున్నది ఇంకేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

పాత కడ్డీ చూపిస్తే వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"దొరబాబులు బాగానే సేసేరు. ఆళ్ళ కంటే బాగా సేత్తాను గానీ, తొందర పెట్టకూడదు."

వారం తర్వాత కొత్త కడ్డీ నా చేతిలో పెట్టాడు. వెండిలా మెరుస్తోంది.

"ఇప్పుడిది గాజు లాంటిది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచీసినాను. గట్టిదే గానీ, దెబ్బ తగిల్తే పుటుక్కుమంటాది. ఆ సివర హీట్ షాపులో మన మనిషున్నాడు. నా పేరు సెప్పి ఇయ్యి. మళ్ళీ మెల్లగా ఏడి సేత్తాడు. నీలం రంగొచ్చీదాకా సెయ్యమను. టెంపరయితేనే బండికెక్కించు. ఇన్నావా?"

"విన్నాను బాబాయ్."

అది శనివారం. ఎండాకాలం. హీట్ షాపు కర్మాగారానికి ఆ చివర ఉంది. సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేసరికి ఆ మనిషి లేడు, తిండికి వెళ్ళాడన్నారు. పావుగంట నిలబడ్డాను. కొలిముల వేడికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. హాజరు పట్టీలు ఇంకా మూడు షాపులవి తేవాలి. మరునాడు బండి మీద తిప్పుతానని ఇంట్లో మాటిచ్చి ఉన్నాను. కడ్డీ తీసి చూశాను. అంత నున్నగా, అంత గట్టిగా ఉన్నదానికి ఇంకొంచెం వేడి ఏం చేస్తుందిలే అనిపించింది. రోజూ ఉక్కు మధ్య తిరిగేవాణ్ణి కదా, ఉక్కు సంగతి నాకూ తెలుసనుకున్నాను. నాకు తెలిసిందల్లా హాజరు పట్టీలే.

తిరిగి వస్తుంటే మెషిన్ షాపు దగ్గర బాబాయ్ ఎదురయ్యాడు.

"అయిందేటి?"

"అయింది."

"ఏ రంగొచ్చింది?"

"నీలం," అన్నాను.

ఆయనే చెప్పిన రంగును ఆయనకే తిరిగి చెప్పాను. ఆయన తృప్తిగా తలాడించాడు.

ఆదివారం మధ్యాహ్నం కడ్డీ బిగించాను. సాయంత్రం ఇద్దరం బయల్దేరాం. కాసిడీహ్ దాటాక రోడ్డు మీద గుంట ఉంది. పెద్దదేమీ కాదు, రోజూ సైకిలు మీద దాటేదే. ముందు చక్రం అందులో దిగగానే టప్పుమని శబ్దం. హ్యాండిలు నా చేతుల్లో అటు తిరిగింది, చక్రం ఇటు తిరిగింది. నాకు మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అంతే. నా భార్య కుడి మోచేతి మీద పడింది.

ఎముక అతుక్కుంది గానీ మోచేయి సగం వంపులో బిగుసుకుపోయింది. ఆ చేయి నోటిదాకా రాదు. ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంది. పెళ్ళిపంక్తిలో ఎడమ చేత్తో ఎలా తింటుంది? భోజనాలకు వెళ్ళడం మానేసింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు.

ఆస్పత్రిలో కళ్ళు తెరిచాక, "ఏమయింది?" అని అడిగింది.

"కడ్డీ విరిగింది."

"ఏ కడ్డీ?"

"బాబాయ్ చేసింది," అన్నాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

నాలుగో రోజు బాబాయ్, పిన్ని ఇంటికి వచ్చారు. నా భార్య గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన ఆ కట్టు వంక చాలాసేపు చూసి, నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఇరిగిన ముక్కేదిరా? ఓ పాలి సూపించు."

ముక్క రంగు చూసినా, ఆకురాయి ఒక్కసారి పెట్టి గీసినా, అది టెంపర్ కాలేదని ఆయనకు తెలిసిపోతుంది. ఆ భయంతోనే ముందు రోజు దాన్ని కర్మాగారంలో తుక్కు డబ్బాలో పడేశాను.

"రోడ్డు మీద ఎక్కడో పడిపోయింది బాబాయ్. దొరకలేదు."

ఆయన వెతికాడు. డ్యూటీ దిగాక రెండు రోజులు ఆ గుంట దగ్గర సైకిలు ఆపి, రోడ్డు పక్క కంకరలో చేతులు పెట్టి వెతికాడట. మా లైన్లో ఒకతను చూసి వచ్చి, "మీ బాబాయికి మతి చలించిందా ఏటి, రోడ్డు మీద రాళ్ళేరుతున్నాడు" అని నవ్వాడు. నేనూ నవ్వినట్టే మొహం పెట్టాను.

ముక్క దొరకక ఆయన తన పనిని తనే తలపోసుకున్నాడు. కడ్డీ లావు నుంచి సన్నానికి దిగే చోట మూల గుండ్రంగా ఉండాలట. అక్కడ పదునుగా వదిలేశానేమో అని మొదట అన్నాడు. నెల తిరిగేసరికి 'ఏమో' పోయింది. వదిలేశాను, అక్కడే విరిగింది అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎవరు ఏం తెచ్చినా, "నా సేతి మీద నాకే నమ్మకం నేదు, ఇంకోడి కాడికి ఎల్లండి" అనేవాడు. పై గ్రేడు పరీక్షకు ఆయన పేరు వచ్చింది. వెళ్ళలేదు. ఫోర్‌మన్ బతిమాలినా వెళ్ళలేదు. ఆ పరీక్ష హాజరు పట్టీ నా చేతుల మీదుగానే పోయింది. ఆయన పేరుకు ఎదురుగా గైరుహాజరు అని రాసింది నేనే.

పిన్ని మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు చేపల పులుసు గిన్నె పంపేది. నా భార్య గుమ్మంలోంచే తిప్పి పంపేది. నేను లోపల ఉండి వినేవాణ్ణి.

కలకత్తా నుంచి అసలు కడ్డీ వచ్చాక బండి మళ్ళీ నడిపాను. అమ్మలేదు. నా భార్య మరి ఎక్కలేదు. గేటు దగ్గర బాబాయ్ సైకిలు మీద ఎదురైతే ఆయన చూపు ముందు నా బండి ఫోర్కు మీదికి పోయేది, తర్వాతే నా మొహం మీదికి. అలా పదేళ్ళు.

అరవైల చివర ఆయన రిటైరయ్యాడు. మెషిన్ షాపులో దండలు వేశారు, జిలేబీలు పంచారు. మాట్లాడమని కుర్ర టర్నర్లు పట్టుబట్టారు. ఆయన తన హిందీలో నాలుగు ముక్కలు చెప్పాడు. మూల ఎప్పుడూ పదునుగా వదలకండి బాబూ. నేను ఒక్కసారి వదిలాను. ఒక ఆడపిల్ల చెయ్యి పోయింది. నలభై ఏళ్ళు చేసిన పనంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. నన్ను గుర్తుపెట్టుకుంటే దానికే గుర్తుపెట్టుకోండి అన్నాడు.

చేతిలో జిలేబీ ఆకుతో నేను వెనక వరసలో నిలబడి ఉన్నాను. చేయని తప్పును ఆయన పాఠంగా అప్పగించి పోతున్నాడు. ఇంకో పదిహేనేళ్ళయినా ఆ షాపులో అదే చెప్పుకుంటారు.

ఇంటికి వెళ్ళేసరికి నా భార్య పెరట్లో బియ్యం ఏరుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"ఎన్నిసార్లు తిప్పి పంపాను ఆ గిన్నె?" అంది. "ఆవిడ ఒక్కసారి కూడా పంపడం మానలేదు."

లేచింది. "పద."

"రేపు ఉదయం వెళ్దాం."

"రేపేటి? పదేళ్ళు చాల్లేదా? చెప్పులు తొడుక్కో."

బాబాయ్ ఇంట్లో సామాను సర్దుతున్నారు. ఎల్లుండి ఖరగ్‌పూర్‌లో కూతురింటికి ప్రయాణం. ఆయన ట్రంకు పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. నా భార్యను గుమ్మంలో చూడగానే పిన్ని చేతిలో గిన్నెలు కింద పెట్టేసింది. నేను కూర్చోకుండానే చెప్పాను. హీట్ షాపులో ఇవ్వలేదని, నీలం అని అబద్ధం చెప్పానని, ముక్కను తుక్కులో పడేశానని.

ఆయన తాడు వదల్లేదు.

"అసలు ఇయ్యనే నేదా?"

"లేదు బాబాయ్."

"మరి మూల?"

"మూల సంగతి నాకు తెలీదు. మీరు చేసినదాంట్లో తప్పుండదు."

"రెండ్రోజులు ఎతికినాను రా," అన్నాడు. "గోళ్ళల్లోంచి రక్తం వచ్చింది. సూసినోళ్ళు నీకు సెప్పనేదా?"

"చెప్పారు."

పిన్ని నా వంక చూసి, "నీకు అన్నమెలా దిగిందిరా?" అంది.

నా భార్య ముందుకు వచ్చింది. "మావయ్యగారూ, ఈ గుమ్మం తొక్కకపోవడం నా తప్పే."

"నీదేటి తప్పమ్మా. నీకు సెప్పిందే అంత." ఆయన అప్పుడు తాడు వదిలాడు. పిన్ని నా భార్యను చాప మీద కూర్చోబెట్టి, బిగుసుకుపోయిన ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

నేను వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు.

"ఒద్దు. ఇక్కడ నాలుగ్గోడల మజ్జిన ఒద్దు. నేను అందర్లో ఒప్పుకున్నాను గదా, నువ్వూ అందర్లోనే సెప్పు. ఎల్లుండి టేసన్‌కి షాపోళ్ళందరూ వత్తారు."

"వస్తాను బాబాయ్."

"వత్తే రా. రాకపోతే మరి నీ మొహం సూపించకు."

ఆ రెండు రోజులూ నాకు భయంగానే ఉంది. ఫోర్‌మన్ వస్తాడు. సొంత సామాను గేటు దాటించిన సంగతి నా నోటితోనే బయటపడుతుంది. దానికి తర్వాత నాకు పడాల్సింది పడింది. ఇక్కడ అది అనవసరం.

టాటానగర్ ప్లాట్‌ఫాం మీద షాపువాళ్ళు ముప్పై మంది దాకా ఉన్నారు. రైలు రావడానికి ఇంకా టైముంది. నా భార్య పిన్ని పక్కన నిలబడింది. బాబాయ్ ట్రంకు మీద కూర్చుని నా వైపు చూడకుండా ఉన్నాడు. నేను మధ్యలోకి వెళ్ళి, అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాను. మొన్న ఈయన చెప్పింది తప్పు, ఆ కడ్డీలో మూల దోషమేమీ లేదు, టెంపర్ చేయించకుండా బిగించింది నేను, అడిగితే రెండుసార్లు అబద్ధం చెప్పింది నేను, ఈయన చేతి పని చెడిపోలేదు, ఏనాడూ చెడిపోలేదు అన్నాను. ఫోర్‌మన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కుర్ర టర్నర్లలో ఒకడు బాబాయ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆయన అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. నేను తెలుగులోకి మళ్ళి, చేతులు జోడించి చెప్పాను.

"బాబాయ్, మీ పనికి మచ్చ తెచ్చింది నేను. తెలిసి తెలిసి పదేళ్ళు దాన్ని మీ మీదే ఉంచాను. నన్ను క్షమించండి."