బటన్ నొక్కకముందే చదివేసిన కొలతలు

మొన్న తుర్కయాంజాల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, తను ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. తెర మీది గడిలో ఏ అంకె కొట్టి బటన్ నొక్కినా ఒకటే జవాబు వస్తోందట. నేను నవ్వితే కోపమొచ్చింది గానీ, ఆ తప్పు నాకెంత పాత చుట్టమో దానికేం తెలుసు?

హైదరాబాద్‌లో ఏ సందులో చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడిన రోజులవి. ఇబ్రహీంపట్నంలో మా బాపు, అంటే నాన్న, నడిపే బట్టల దుకాణంలో గల్లా పక్కన పెరిగినవాణ్ణి కదా, కోర్సు ఫీజు దగ్గరా బేరమాడాను. వాళ్లు దిగకపోతే ఓ పాత పుస్తకం ఊరికే ఇప్పించుకుని గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అందులో బటన్ల పాఠమే చిరిగిపోయి ఉంది.

అప్పుడే మా వదినకు శేరిగూడ వైపు ఒక కాలేజీ నుంచి ఆడపిల్లల యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. ముందుగదిలో రెండు మిషన్లతో నెట్టుకొస్తున్న ఆవిడకు అదే మొదటి పెద్ద పని. గుడ్డ కాలేజీ వాళ్లే కొలిచి ఇచ్చారు, చాలకపోతే మళ్లీ పిలవరు. నా చదువు చూపించుకోవాలని, పొడవూ చుట్టుకొలతా గడుల్లో కొట్టి బటన్ నొక్కితే ఎంత గుడ్డ కత్తిరించాలో చెప్పే ప్రోగ్రాం రాసి, నా పాత కంప్యూటర్‌తో సహా ఆవిడ ముందుగదిలో పెట్టాను.

కొనడానికొచ్చిన గిరాకీ నోరు తెరవకముందే అతని చెప్పులు చూసి ఏ రకం గుడ్డ పరచాలో తేల్చేయడం మా దుకాణంలో గొప్ప విద్య. నేనూ అదే చేశాను. గడులు ఖాళీగా ఉంటే బాగుండవని మా చెల్లె కొలతలు నింపి, ప్రోగ్రాం తెరుచుకున్న క్షణంలోనే వాటిని చదివేసి, ఫంక్షన్‌కు, అంటే ప్రోగ్రాంలో లెక్కకట్టే భాగానికి, అప్పగించేశాను. తరవాత ఎవరేం కొట్టినా బటన్ మా చెల్లె కొలతలనే మోసుకెళ్లేది.

నాలుగు ముక్కలు కత్తిరించాక, వాలీబాల్ ఆడే పొడుగమ్మాయి వంతు వచ్చింది. వదిన కత్తెర ఆపింది.

"ఏం మరిదీ, గీ తాటిచెట్టంత పిల్లకూ, గా పొట్టిదానికీ ఒకటే గుడ్డనా?"

"కంప్యూటర్ తప్పు చెప్పదు వదినా."

"అవ్, అది చెప్తలేదు, నువ్వే చెప్తున్నవ్. నేను కొట్టింది జర సదవమను దాన్ని!"

ప్రోగ్రాం తెరిచి చూస్తే తప్పు దొరికింది. బటన్ నొక్కిన తరవాతే గడులు చదివి, ఆ కొలతలనే ఫంక్షన్‌కు అందించేలా వరస మార్చాను. పొడుగమ్మాయికి పావు మీటరు పైనే ఎక్కువ తేలింది. అప్పటికే తక్కువగా తెగిన ముక్కలను వదిన పొట్టి పిల్లలకు సర్ది గండం గట్టెక్కింది. ఆ కాలేజీ పని ఏళ్ల తరబడి ఆవిడకే వచ్చింది గానీ, నా ప్రోగ్రాంను మాత్రం టేపుతో సరిచూడకుండా ఏనాడూ నమ్మలేదు.

ఇప్పుడా యూనిఫాంలు నాలుగే సైజుల్లో, ప్లాస్టిక్ కవర్లలో వస్తున్నాయి. ఏ పిల్లనూ నిలబెట్టి కొలత తీసుకునే పని లేదు. సాయంత్రాలు వదిన గడపలో కూర్చుని, కాలేజీ బస్సు దిగే పిల్లల భుజాల వైపు చూస్తూ, ఇంచు ఎక్కువైందనో, చెయ్యి కురచైందనో తనలో తనే అనుకుంటూ ఉంటుంది.