పాత బియ్యంలో మదర్‌బోర్డు

మీ ఫోన్ నీళ్ళలో పడితే బియ్యం డబ్బాలో పెట్టారా, లేదా? నిజం చెప్పండి. పెట్టే ఉంటారు. మూఢనమ్మకాలంటే పగలబడి నవ్వే ఇంజనీర్లు కూడా పెడతారు. బియ్యం తేమ లాగేస్తుందని మీకు ఎవరు చెప్పారు? తడిసిన ఫోన్లు రెండు తీసుకుని, ఒకటి బియ్యంలో, ఒకటి గాలికి పెట్టి, ఏది ముందు ఆరిందో చూసినవాళ్ళు మీ వీధిలో ఒక్కరైనా ఉన్నారా?

హేతువాద సభల్లో నేను చాలాసార్లు వేసిన ప్రశ్న ఇది. కాకినాడ దగ్గర చూపులేని పిల్లల బడిలో మాత్రం వేయడానికి నోరు రాలేదు.

ఆ బడిలో సైన్సు చెప్పే టీచరు గారికీ చూపు లేదు. లూథరన్ క్రైస్తవ కుటుంబం, గట్టి భక్తి. నా వ్యాసాలు ఎవరిచేతనో చదివించుకుని, ఫోన్ చేసి మరీ పోట్లాడతారు. పాత కంప్యూటర్లు బాగుచేయడం నాకు సరదా అని ఆ పోట్లాటల్లోనే ఆవిడకి తెలిసింది. ఒకసారి పోట్లాట ఊసెత్తకుండా రమ్మన్నారు. బ్రెయిలీ అచ్చు యంత్రాన్ని నడిపే కంప్యూటరు ఆగిపోయిందట. దాని కార్డు పాతకాలపు పొడవాటి నల్ల స్లాట్లలో తప్ప పట్టదు. కొత్త యంత్రానికి పెట్టిన దరఖాస్తు ఏ ఆఫీసులో నిద్రపోతోందో తెలియదు. ఈలోగా పదో తరగతి పిల్లలకి బ్రెయిలీలో సైన్సు పాఠాలు లేవు.

"ఎవరైనా చదివి వినిపించకూడదా అండి?" అని అడిగాను.

"వినిపిస్తున్నాం. కానీ అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని ఎన్నిసార్లు అడుగుతారండి పిల్లలు? సిగ్గుపడి ఊరుకుంటారు. చేతిలో పుస్తకముంటే వేలు వెనక్కి జరుపుకుంటారు, అంతే."

హేతువాదం గురించి నేను రాసిన పేజీలన్నిటికంటే ఆ మాట గట్టిది. సందేహం వచ్చినచోట ఆగి వెనక్కి వెళ్ళే వీలు లేని పిల్ల, చెప్పింది నమ్మడం తప్ప ఏం చేస్తుంది?

నేను వెళ్ళేసరికి బడి గుమస్తా గారు ఆ కంప్యూటరు మదర్‌బోర్డుని తువ్వాలులో చుట్టి తెచ్చి బల్లమీద పెట్టారు. వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. వానకి పైకప్పు కారి కంప్యూటరు తడిసిందనీ, తానే బోర్డు విప్పి ఇంటికి తీసుకెళ్ళి బియ్యంలో పెట్టాననీ చెప్పారు. మొహం వాడిపోయి ఉంది.

"కొత్త బియ్యం కాదండి మాస్టారూ. కొత్త బియ్యంలో చెమ్మ ఉంటుందని పాత బియ్యమే పెట్టాను."

ఆ మాటతో నా ఉపన్యాసం పక్కన పెట్టేశాను. డెల్టాలో పుట్టి పెరిగినవాడి ఆలోచన అది. పాత బియ్యం పొడిగా ఉంటుందన్నది ఆయన కళ్ళారా చూసిన నిజమే. చూడనిదల్లా ఒక్కటే: ఆ పొడి బియ్యం బోర్డులోని తడిని తీస్తుందా అన్నది. తువ్వాలు విప్పితే స్లాట్ల నిండా తవుడు, నూకలు, వాటితోపాటు ముక్కపురుగులు.

"నావల్లే పోయిందంటారా అండి?"

"చూడకుండా ఎలా చెప్తానండి?" అన్నాను.

బోర్డు చిత్రమైనది. తయారుచేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఒక తరం ప్రాసెసర్ నేరుగా అతికించి ఉంది, పక్కనే తర్వాతి తరం దానికి ఖాళీ సాకెట్. ఎటూ తేల్చుకోలేని కాలంలో పుట్టిన వస్తువు. ఒక మూల పీపాలాంటి చిన్న బ్యాటరీ, దాని చుట్టూ పచ్చని బూజులాంటి పొక్కు. దీనికి వానతోనూ బియ్యంతోనూ సంబంధం లేదు. బ్యాటరీ కారి ఏళ్ళ తరబడి రాగి గీతల్ని తినేస్తోంది. ఆ మాట చెప్పగానే గుమస్తా గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

బ్యాటరీ కత్తిరించి తీసేశాను. కారింది క్షారం కాబట్టి నిమ్మరసంతో రుద్దాను.

"పులిహోర కలుపుతున్నారా ఏంటండీ?" టీచరు గారు గుమ్మంలోంచే వాసన పట్టారు.

"ప్రసాదం కాదు లెండి, రసాయన శాస్త్రం."

"సరే లెండి. మీరు రావాలని ప్రార్థన చేశాను, వచ్చారు."

"నేను బస్సులో వచ్చానండి."

"బస్సు టైముకొచ్చిందా?"

"వచ్చింది."

"మరి అద్భుతం కాదంటారేంటండీ!"

గుమస్తా గారు అప్పుడు మొదటిసారి నవ్వారు. నేనూ ఓడిపోయినట్టే నవ్వాను.

నిమ్మ పులుపు పోయేలా కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాను. తెగిన గీత మీద సన్నని తీగ అతికించాను. కార్డులేవీ పెట్టకుండా, మెమరీ, స్పీకరు మాత్రమే తగిలించి కరెంటు ఇచ్చాను. ఏమీ లేదు. మెమరీ కాళ్ళు తుడిచి మళ్ళీ ఇచ్చాను. ఒక్క బీప్.

"బతికింది కదండీ?" అన్నారు టీచరు గారు.

"బీప్ అంది, అంతే. ఇంకా నమ్మకండి."

డిస్కు తగిలించి, స్లాట్లు బ్రష్షుతో దులిపి, బ్రెయిలీ కార్డు పెట్టాం. యంత్రం టకటకా కొట్టింది. గుమస్తా గారు చప్పట్లు కొట్టబోయారు. టీచరు గారు చెయ్యెత్తి ఆపి, కాగితం మీద వేళ్ళు నడిపారు.

"ఐదో చుక్క ఎక్కడా పడలేదండి. ర అన్నీ ల అయిపోయాయి."

బ్రెయిలీలో ప్రతి అక్షరం ఆరు చుక్కల్లో కొన్నిటితో ఏర్పడుతుంది; ర లోంచి ఐదో చుక్క పోతే ల మిగులుతుంది. ఆ కార్డులో ఒక్కో చుక్కకి ఒక్కో తీగ. అన్ని చోట్లా ఒకే చుక్క పోయిందంటే, స్లాటులో ఏదో ఒక్క కాంటాక్టు కార్డుని తాకడం లేదన్నమాట. టార్చి వేసి, సూదితో వెతికాను. ముక్కపురుగు రెక్క ఒకటి, తవుడుతో కలిసి గట్టిపడి ఉంది. తీసి మళ్ళీ కొట్టించాం. ఆవిడ ఒక పేరా చదివారు. నమ్మకం కుదరక ఇంకొకటి. పేజీ చివరిదాకా చదివి, "కాగితాల కట్ట తెండి" అన్నారు గుమస్తా గారితో. ఆయన నడవలేదు, పరుగెత్తారు.

ఆ బోర్డు రేపు మళ్ళీ ఆగదని నేను హామీ ఇవ్వలేదు, ఇవ్వలేను. ఆగిన రోజు పెట్టడానికి ఇంకో బోర్డు ఆ బడిలో లేదు. మీ అటకమీద ఉండొచ్చు. దించండి. మూత విప్పండి. పొడవాటి నల్ల స్లాట్లు కనిపిస్తే తుక్కు బండికి వేయకండి. మీకు దగ్గర్లో ఉన్న చూపులేని పిల్లల బడికి పట్టుకెళ్ళి, మీ దగ్గర ఏ యంత్రం ఆగిపోయింది అని అడగండి. జాలి చూపించి వచ్చేయకండి. జవాబు విని, పని చేసి రండి.