గులాబీని ఎరుపన్నాను

కరోనా రోజుల్లో నేను చేసిన ఒక పని ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. పెళ్ళయ్యాక భర్తకూ చెప్పలేదు. అన్నం తింటున్నప్పుడు, ఆటోలో కూర్చున్నప్పుడు, ముఖ్యంగా ఎవరైనా నన్ను మంచిదానివని మెచ్చుకున్నప్పుడు అది లోపల కదులుతుంది. కదిలాక ఆ రోజంతా ఏ పనీ సరిగ్గా సాగదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియదు. అందుకే చెప్పగలనేమో.

మాది సిరిసిల్ల దగ్గరి ఊరు. నాకు ఊహ తెలిసేసరికే సూరత్‌లో ఉన్నాం. లింబాయత్‌లో ఇరుకు గల్లీ. నాన్నకు మగ్గాల కార్ఖానాలో పని. మా ఎదురింట్లో రాజేశం మామ, లక్ష్మి అత్తమ్మ ఉండేవాళ్ళు. చుట్టాలు కారు, మా వైపు మనుషులు. మామ సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో చీరలు అచ్చువేసే మిల్లులో ప్రింటింగ్ మెషీన్ నడిపేవాడు. కంప్యూటర్ డిప్లొమా చేసి నేను ఖాళీగా ఉన్నప్పుడు, ఆయనే నన్ను మేనేజర్ ముందుకు తీసుకెళ్ళి, "మా బిడ్డ లెక్క, సాబ్" అని చెప్పి అక్కడే కంప్యూటర్ మీద ఉద్యోగం ఇప్పించాడు. అప్పటినుంచి పొద్దున్నే ఇద్దరం కలిసే బస్సులో వెళ్ళేవాళ్ళం. కిటికీ వైపు సీటు ఎప్పుడూ నాకే వదిలేవాడు.

మొదటి లాక్‌డౌన్ తర్వాత మిల్లు తెరిచేసరికి సగం మంది ఊళ్ళకు పోయి ఉన్నారు. రంగుల సాఫ్ట్‌వేర్ చూసే అతను కూడా వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. గుడ్డ మీద రంగులు ఇంకా మెరవాలని సేఠ్ అడుగుతున్నాడు, నువ్వేమైనా చేయగలవా అని మేనేజర్ నన్నడిగాడు. చేస్తానన్నాను. అందులో భయం కంటే గొప్ప ఎక్కువ ఉంది. లింబాయత్ పిల్ల ఒక ప్రోగ్రాం రాస్తుంది, మిల్లంతా దానిమీద నడుస్తుంది. అలా అనుకున్నాను.

మిల్లు సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. కంప్యూటర్ తెర మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలే. మెషీన్‌కు మాత్రం ఏ సిరా ఎంత పోయాలో చెప్పాలి. ఆ రెంటి మధ్య నేను ఇంకో మెట్టు పెట్టాను. మూడు అంకెల్ని ఒక చక్రం మీద స్థానంగా మార్చి, అక్కడ రంగుకు కాస్త నిగారింపు తెచ్చి, మళ్ళీ వెనక్కి మార్చి సిరాలకు అందించడం. ఆ చక్రంలో ఎరుపు సున్నా దగ్గర ఉంటుంది. అక్కణ్ణుంచి పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా దాటి, రాణి అనే ముదురు గులాబీ మీదుగా మళ్ళీ ఎరుపుకే చేరతాం. గులాబీల దగ్గర మాత్రం లెక్క సున్నాకంటే కిందికి పోతుంది. అప్పుడు మూడు వందల అరవై కలపాలి. ఒక్క పంక్తి. అది నేను రాయలేదు. పైగా సున్నాకు తక్కువ వస్తే సున్నాగానే తీసుకోమని రాశాను, ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా. అంటే ఏ రాణి గులాబీ లోపలికి వెళ్ళినా బయటికి ఎరుపే వస్తుంది. నేను పరీక్ష చేసింది ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం మీద. అన్నీ చక్కగా వచ్చాయి. సంబరపడి పెట్టేశాను.

అప్పుడే పెళ్ళిళ్ళ సీజన్‌కు పెద్ద ఆర్డర్ వచ్చింది. రాణి గులాబీ చీరలు. నమూనా ముక్క పాత పద్ధతిలో ముందే వేసి, వ్యాపారి చేత ఒప్పించుకుని ఉన్నారు. అసలు సరుకు నా ప్రోగ్రాం మీద నడిచింది. మెషీన్ దగ్గర ఉన్నది రాజేశం మామ. అచ్చువేశాక రంగు నిలవడానికి గుడ్డకు ఆవిరి పట్టిస్తారు. అంతకుముందు రంగు మసకగా ఉంటుంది, గులాబీకీ ఎరుపుకీ తేడా అంతగా తేలదు. మామ నమూనాతో పోల్చి చూశాడు, సరేననుకున్నాడు. ఆవిరి పట్టి, ఉతికి తీశాక చీరలన్నీ ఎర్రగా వచ్చాయి.

మేనేజర్ అందరినీ కింది హాల్లోకి పిలిచాడు. మూతులకు మాస్కులు, ఎవరి మొహమూ సరిగా కనిపించడం లేదు. అతను మామ వైపు వేలు చూపించి, నీకు ముసలితనం వచ్చింది, కళ్ళు పోయాయి, రంగు కూడా తెలియడం లేదు అని హిందీలో అరిచాడు. నేను పై అంతస్తులో నా గదికి వెళ్ళి, రాసిన కోడ్ తెరిచాను. ఎంతోసేపు వెతకాల్సిన పనే లేకపోయింది. తప్పు నా కళ్ళముందే ఉంది.

కిందికి దిగి చెప్పొచ్చు. మెట్ల దాకా వెళ్ళాను కూడా. నాన్న కార్ఖానా ఇంకా తెరవలేదు, ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ఇది కారణమా, సాకా? అప్పుడు కారణమే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే చేయి సిగ్గుపడుతోంది. తిరిగి వచ్చి ఆ పంక్తి చేర్చాను. పాత ఫైలు తీసేశాను. ఆ తర్వాత వేసిన చీరలు గులాబీగానే వచ్చాయి. ఆ షిఫ్టులో మెషీన్ మీద వేరే మనిషి ఉన్నాడు. దాంతో తప్పు మామదేనని అందరికీ ఖాయమైపోయింది.

ఇంతవరకే అయితే పిరికితనం అనుకుని ఎలాగో బతికేసేదాన్ని. ఇంకా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళ మామ నా గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"బిడ్డా, జర నా కండ్లు చూస్తవా?"

"నేనేం చూస్త మామా? డాక్టర్ దగ్గరికి పో."

"డాక్టర్ దగ్గరికి తర్వాత పోత. నీ కంప్యూటర్ల రంగులు పెట్టు. ఒక్కొక్కటి నేను చెప్త. తప్పైతే తప్పని చెప్పు. నాకైతే మంచిగనే కనవడుతున్నయ్. మంచిగుంటె సాబ్‌తోని మాట్లాడుత, మెషీన్‌ల ఏమన్న ఖరాబుందేమో చూడమంట."

తెర మీద చదరాలు పెట్టాను. రాణి, ఎరుపు, కాషాయం, ఊదా, దానిమ్మ గింజ రంగు. ఆయన వంగి, చేతులు వెనక కట్టుకుని, బడిపిల్లాడిలా ఒక్కొక్కటీ చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు.

ఆయన నా మొహం వైపు చూస్తున్నాడు. నా చెవుల్లో మాత్రం ఒక్క మాటే తిరుగుతోంది, మెషీన్‌లో ఏమన్నా ఖరాబుందేమో చూడమంటాడు. చూస్తే మెషీన్‌లో ఏమీ దొరకదు. అప్పుడు పైకి, నా గదికి వస్తారు.

"రెండు తప్పినయ్ మామా" అన్నాను.

"ఏ రెండు?"

రాణి గులాబీ చదరం మీద వేలు పెట్టాను. "ఇది ఎరుపు. నువ్వు రాణి అన్నవ్."

ఆయన ఇంకా దగ్గరికి వంగాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచి పెట్టుకున్నాడు. ఆ గులాబీని ఎరుపుగా చూడడానికి ఆయన పడిన ప్రయాస నేను పక్కన నిలబడి చూశాను. చాలాసేపటికి, "అవు బిడ్డా, నువ్వు చెప్పినంక చూస్తె ఎర్రగనే ఉన్నట్టున్నది" అన్నాడు. ఆ తర్వాత నా తల మీద చేయి పెట్టి, "నువ్వన్న నిజం చెప్పినవ్" అన్నాడు.

రెండో తప్పు ఏదో ఆయన అడగలేదు.

మామ మిల్లు మానేశాడు. వాళ్ళు తీసేయకముందే తనే మానేశాడు. కోసాడ్‌లో ఇళ్ళ కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. పొద్దున నేనొక్కదాన్నే పల్సానా వెళ్ళేదాన్ని. గల్లీలో ఎదురైతే, "పని మంచిగ నడుస్తుందా?" అని అడిగేవాడు. తలూపి తప్పుకునేదాన్ని. లక్ష్మి అత్తమ్మ మా అమ్మతో చెబుతుంటే వంటగదిలోంచి విన్నాను. ఆయన ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఒంటరిగా రోడ్డు దాటడట, ఆమె చేయి పట్టుకుంటాడట. బజారులో మిరపకాయలు పండినవో పచ్చివో ఆమెనే చూడమంటాడట. కళ్ళ డాక్టరు ఏ దోషమూ లేదన్నాడట. మామ నమ్మలేదట. "డాక్టర్ అక్షరాలు చూపిచ్చిండు, రంగులు చూసింది మన బిడ్డ. అది నాకెందుకు అబద్ధం చెప్తది?" అన్నాడట. నేను నీళ్ళ కుళాయి తిప్పాను, ఇంకేం వినపడకుండా.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు మామకు జ్వరం పట్టుకుంది, ఆసుపత్రిలోనే పోయాడు. కాలనీ గేటు దగ్గర వచ్చేపోయే అందరి చేతులమీదా మందు చల్లేది ఆయనే. మిల్లులో ఉంటే వచ్చేది కాదా? మిల్లులోనూ కొందరు పోయారు. ఈ ప్రశ్నను నేను చాలాసార్లు నాకు అనుకూలంగా తిప్పి చూసుకున్నాను. ఎటు తిప్పినా ఒకటి మిగులుతుంది. ఆయన పోయింది ఎలా అయినా, పోయేముందు తన కళ్ళను తాను నమ్మకుండా బతికాడు. అది మాత్రం జబ్బు చేసింది కాదు. ఆసుపత్రి లోపలికి ఎవరినీ రానివ్వలేదు. గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. అత్తమ్మకు మొహం కూడా చూపించలేదు. ఆమె ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయింది. సామాను ఎక్కిస్తుంటే నేను మిల్లులో ఉన్నాను. సెలవు దొరకలేదని అమ్మతో చెప్పాను. నేను అడగలేదు.

ఈ మధ్య ధైర్యం చేసి అత్తమ్మకు ఫోన్ చేశాను. చీరలు ఎర్రబడింది నా ప్రోగ్రాం వల్లేనని, ఆ రోజే నాకు తెలిసిందని, నోరు మూసుకున్నానని చెప్పాను. అక్కడిదాకా చెప్పి ఆగిపోయాను. ఆమె ఏడవలేదు. తిట్టలేదు.

"అయితే ఆయన కండ్లు మంచిగనే ఉండెనా?" అని అడిగింది.

"మంచిగనే ఉండె, అత్తమ్మా."

"మరి నువ్వే కదనే చూసి చెప్పింది, తప్పినయని?"

అవతల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఎత్తమని అడిగే హక్కు నాకు లేదు.

ఆమె నన్ను క్షమిస్తుందా అన్నది ఇప్పుడు నా ప్రశ్న కాదు. అడిగిన మాటకు జవాబు ఇవ్వలేదన్నదే నన్ను తినేస్తోంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు చేరదని తెలుసు. అయినా ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, ఇది నా చేత్తో రాసి ఉండాలి.

అవును, నేనే చూశాను. మామ అన్నీ సరిగ్గానే చెప్పాడు. తప్పాయని చెప్పింది నేను. తెలిసే చెప్పాను, అత్తమ్మా.