నొప్పుల గోలీలు

మా అత్తమ్మ రోజూ ఏం తింటుందో, ఎన్ని నీళ్లు తాగుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి, నాలుగేళ్లుగా, మా ఇంట్లో ఆమె వంట వేరు. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండాలి. ఉప్పు చిటికెడు. పొద్దున్నే ఒక సీసాలో నీళ్లు కొలిచి ఆమె మంచం పక్కన పెట్టేదాన్ని. డాక్టరు గదిలోకి కూడా నన్నే పంపేది. "నాకేం తెలుస్తది? ఏది తినాల్నో ఏది వద్దో అన్నీ దానికే ఎరుక" అనేది. రక్తపరీక్ష ఎప్పుడు చేయించినా, కిడ్నీలు ఎంత పాడయితే అంత పెరిగే క్రియాటినిన్ రెండున్నర దాటలేదు. డాక్టరు నన్ను మెచ్చుకునేవాడు. అత్తమ్మ మాత్రం కంచం చూసి మూతి ముడుచుకునేది.

మా ఆడబిడ్డ ఉండేది కేసముద్రంలో. ఏడాదికి రెండుసార్లు వచ్చేది. ఆమె ఆటో దిగితే చాలు, అత్తమ్మ మొహం కళకళలాడేది. నన్ను చూసి ఒక్కసారైనా అట్లా సంతోషపడలేదని నాకు కడుపుమంట. దాచుకోవడం దేనికి, మంటే.

పోయిన బతుకమ్మ పండుగకు ఆడబిడ్డ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ రెండేళ్లుగా ఆడటం మానేసి అరుగు మీద కూర్చుని చూసేది. అట్లాంటిది, కూతురు వచ్చిన మూడో రోజు సాయంత్రం గోడ పట్టుకోకుండా వాకిట్లోకి నడిచొచ్చింది. అందరితో కలిసి చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరిగింది. వాడకట్టు ఆడవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు.

"కోడలు నాలుగేండ్ల సంది సప్పటి కూడే పెట్టె. నా బిడ్డ మూడొద్దులల్ల నడిపిచ్చె" అంది అత్తమ్మ, అందరికీ వినబడేలా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో ఉన్న సత్తుపిండి గిన్నె నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున నేను ఆమె గది ఊడుస్తున్నాను. అత్తమ్మ దిండు కింద నుంచి గోలీల అట్ట తీసి, ఒకటి నోట్లో వేసుకుని, నేను కొలిచిపెట్టిన నీళ్లతోనే మింగింది. అట్ట చూడగానే గుర్తుపట్టాను. ఆడబిడ్డ తన నడుంనొప్పికి వాడే గోలీలవి. డాక్టరు మొదటి రోజే నాకు గట్టిగా చెప్పాడు, నొప్పుల గోలీలు మాత్రం ముట్టనివ్వొద్దని, మిగిలిన కాస్త కిడ్నీ కూడా పోతుందని.

మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. "నా బిడ్డకు పేరొస్తే ఓర్వలేకపోతాంది" అని వాడకట్టంతా చెబుతుంది. అది సాకు మాత్రమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆడబిడ్డ గొప్పతనం ఎన్నాళ్లుంటుందో చూద్దామనుకున్నాను. నాలుగు రోజుల్లో ఏ కాళ్లవాపో వస్తే అప్పుడు అందరి ముందూ చెప్పొచ్చనుకున్నాను. ఊడవడం అయ్యాక చీపురు మూలన పెట్టి వంటింట్లోకి వెళ్లాను.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు కూడా అత్తమ్మ చీకటిపడేదాకా ఆడింది. దసరా వెళ్లిన రెండో రోజుకు మొహం ఉబ్బింది. వాంతులు మొదలయ్యాయి, మూత్రం ఆగిపోయింది. హనుమకొండ దవాఖానకు తీసుకుపోతే క్రియాటినిన్ తొమ్మిది. పాత జబ్బు మీద కొత్త దెబ్బ పడిందని, కొందరికి తిరిగి సర్దుకుంటుందని, కొందరికి సర్దుకోదని చెప్పి డాక్టరు డయాలసిస్ పెట్టాడు. నొప్పుల గోలీలేమైనా వేసుకుందా, ఎవరిచ్చారు అని అడిగాడు. ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"ఎవ్వలియ్యలె సారూ. నేనే తెప్పిచ్చుకున్న" అంది అత్తమ్మ, ఆయాసపడుతూ.

మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, నా కోసమైతే ఇట్లా అబద్ధమాడేదా అని.

ఆమెకు సర్దుకోలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. నేనే తీసుకుపోతాను. ఒకరోజు ఆటోలో ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ గోలీలు ఏసుకునే ముందు నన్నొక్కమాట అడుగొద్దా అత్తమ్మా?"

ఆమె నా వైపు వింతగా చూసింది.

"అడుగుడెందుకు? నీ ముంగటనే ఏసుకుంటి గద. చెడ్డయైతే నువ్వు ఊకుంటవా?"

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. నిజంగానే అట్లా అనుకుంది. నేను రోడ్డు వైపు తల తిప్పుకున్నాను.

ఆడబిడ్డ ఇప్పటికీ ఫోన్ చేసి ఏడుస్తుంది. "మా అమ్మను నేనే ఆగం జేసిన వదినా" అంటుంది. "నీకు తెల్వదు గదా, ఊకో" అంటాను. నాకు తెలుసన్న సంగతి మాత్రం చెప్పలేదు.